చర్చ ఇల్లు మారినప్పుడు

1

సాహిత్య విమర్శకుడికి వెబ్‌సైట్లతోనూ సర్వర్లతోనూ ఏం పని అని ఈ వ్యాసం మొదలుపెట్టిన మిత్రులు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను తెలుగులో ఎం.ఏ. చేసి, ఇరవై ఏళ్ళుగా ఉన్నత పాఠశాలలో పాఠం చెప్పుకుంటున్నవాణ్ణి. యంత్రాల గురించి నాకు తెలిసింది స్వల్పం. అది ఇంజనీర్ల పని, మనది కాదు అని నేను కూడా చాలాకాలం అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత పొరపాటో, ఆ పొరపాటు కారణంగా నా చేత్తో నేనే ఎలాంటి అన్యాయం చేశానో చెప్పడానికే ఈ వ్యాసం.

మా ప్రాంతపు రచయితలం, పాఠకులం కొందరం 2009లో ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక పెట్టుకున్నాం. ఊళ్ళో నెలకొకసారి సభ జరిపితే వచ్చేది పది, పదిహేను మంది. వేదిక మీద మాత్రం షార్జాలో తాపీపని చేసే మిత్రుడు, బెంగళూరులో ఉద్యోగం చేసే అమ్మాయి, సిరిసిల్లలో మరమగ్గం నడిపే కార్మికుడు ఒకే కథ మీద వారం రోజులు వాదించుకునేవారు. ఒకరు వ్యాసం పెడితే దాని కింద మరొకరు జవాబు రాయడం, ఆ జవాబుకు జవాబు రావడం, ఆఖరికి వ్యాసకర్త వచ్చి కొంత ఒప్పుకుని కొంత తిరస్కరించడం. ఇదీ దాని పద్ధతి. పద్నాలుగేళ్ళలో అక్కడ పోగుపడినదాన్ని అచ్చువేస్తే అనేక సంపుటాలవుతుంది.

2023లో ఆ వేదికను పాత చోటినుంచి కొత్త చోటికి మార్చవలసి వచ్చింది. పాత సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులు చేసేవాళ్ళు లేకుండా పోయారు. సర్వర్ అద్దెకిచ్చిన సంస్థ ఫలానా తేదీ తర్వాత దాన్ని నడపబోమని చెప్పేసింది. మా సభ్యుల్లో ఒకరి కుమారుడు ఇంజనీరు. అతను డబ్బు తీసుకోకుండా పని చేసిపెడతానని ముందుకొచ్చాడు. మొదటిరోజే అతనన్న మాట ఇది: “తేవడం నా పని సార్. ఏం తేవాలో, ఏం వదిలెయ్యాలో మీరు చెప్పండి.”

ఆ మాట విన్నప్పుడు దాని బరువు నాకు తెలియలేదు. ఏం ఉంచాలి, ఏం వదలాలి, దేన్ని దేనికింద పెట్టాలి అని నిర్ణయించడం ఇంజనీరు పని కాదు. అది గ్రంథ పరిష్కర్త పని. అంటే విమర్శకుడి పని. ఒక సమాజం తన రాతను ఒక ఇంటినుంచి మరో ఇంటికి మార్చుకోవడమంటే అది తప్పనిసరిగా ఒక విమర్శనా చర్య అని ఇవాళ నేను అనుకుంటున్నాను. ఆ చర్య తెలిసి చేయవచ్చు, తెలియక చేయవచ్చు. తెలియక చేసినప్పుడు అందులో మన వర్గమూ మన కులమూ మన అహంకారమూ పనిచేస్తాయి, మనకు తెలియకుండానే.

2

ముందు జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఇంజనీరు మిత్రుడు మొదటి విడతగా పాత వేదికలోని రాతల్ని ఒక ప్రయోగశాల వంటి తాత్కాలిక సైట్లోకి తెచ్చి చూపించాడు. పాత సైటు ఇంకా నడుస్తూనే ఉంది కనుక రెంటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగాం. ప్రతి రాతా వచ్చింది. ఒక్క వ్యాసమూ తగ్గలేదు. ‘అంతా వచ్చేసింది’ అని సంతోషించాం కూడా. తర్వాత చదవడం మొదలుపెట్టాం.

మొదట కనిపించింది పేర్లు లేకపోవడం. సభ్యుల పట్టికను, రాతల పట్టికను కలిపే వరస తప్పడంతో అన్ని రాతలకూ ఒకటే పేరు వచ్చింది: ‘అడ్మిన్’. ప్రశ్న అడిగింది అడ్మిన్, జవాబు చెప్పింది అడ్మిన్, ఆ జవాబు తప్పని గొడవపడింది అడ్మిన్. ఒకే మనిషి తనతో తాను పద్నాలుగేళ్ళు వాదించుకున్నట్టయింది. రాసిన మాటలన్నీ అక్షరం పోకుండా ఉన్నాయి; చర్చ మాత్రం లేదు.

రెండోది కాలం. మా సిరిసిల్ల మిత్రుడు సాంచాల మీద పని ముగించుకుని అర్ధరాత్రి దాటాక రాసేవాడు. ఆయన రాతల కింద ఒంటిగంట, రెండు, రెండుంబావు అని సమయం పడేది. కొత్త సైట్లో అవన్నీ ముందురోజు రాత్రి ఏడున్నర, ఎనిమిదిన్నర, ఎనిమిదీ ముప్పావుగా మారిపోయాయి. కారణం చిన్నదే. కొత్త సర్వర్ గ్రీనిచ్ కాలాన్ని చూపిస్తోంది. మనకూ దానికీ అయిదున్నర గంటల తేడా. సరిదిద్దడం అయిదు నిమిషాల పని. అయితే సరిదిద్దకపోతే ఏమయ్యేది? భోజనం చేసి తీరికగా కూర్చుని కథల మీద అభిప్రాయం చెప్పే పెద్దమనిషిగా ఆయన మిగిలిపోయేవాడు. ఆయన వాక్యాలు ఎందుకంత పొట్టిగా ఉంటాయో, ఎందుకు కొన్ని సగంలో ఆగిపోతాయో రేపటి పాఠకుడికి అర్థమయ్యేది కాదు. ఆ ‘రెండుగంటలు’ అన్న రెండు మాటల్లో ఒక కార్మికుడి పన్నెండు గంటల శ్రమ ఉంది. ఆయన 2020లో చనిపోయారు. ఆయన తరఫున వచ్చి ‘నేను రాసింది ఆ వేళకు కాదు’ అని చెప్పేవారు లేరు.

మూడోది అక్షరాలు. మా వేదికలోని తొలినాటి వ్యాసాలు కొన్ని ఒక ప్రత్యేకమైన ఫాంటులో రాసినవి. యూనికోడ్ మొదటి ప్రతిలోనే, 1991లోనే, తెలుగుకు చోటు దొరికింది. కాని అది అందరి కంప్యూటర్లలోకీ రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో మన పత్రికలు, ప్రచురణకర్తలు ఎవరి ఫాంటు వారు చేయించుకున్నారు. ఆ పద్ధతిలో యంత్రం లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేసేది. ఫాంటు పోతే వేషం పోతుంది. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట మిగులుతుంది. ఏ ఫాంటో తెలిస్తే ఆ గుట్టలోంచి తెలుగును మళ్ళీ తీయవచ్చు. కాని యూనికోడ్‌లో ఉన్న రాతనే తప్పు పట్టికలో పోసినప్పుడు ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం కూర్చుంటుంది. ఆ ప్రశ్నార్థకానికి జవాబు లేదు. అది పోయినట్టే, పాత ప్రతి దగ్గరుంటే తప్ప.

ఇందులోనే ఇంకొక విశేషం. పాత డేటాబేస్‌లో వ్యాసం శీర్షికకు 255 స్థానాలు కేటాయించి ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరం ఒక స్థానంలో సరిపోతుంది. తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు స్థానాలు తీసుకుంటుంది. ఒత్తు వేరు, గుణింతం వేరు, పొల్లు వేరు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి ఆరు సంకేతాలు, పద్ధెనిమిది స్థానాలు! కాబట్టి పొడుగు శీర్షికలన్నీ మధ్యలో తెగిపోయాయి. ఆ పట్టిక గీసినవాడికి తెలుగుమీద ద్వేషమేమీ లేదు. అతని ఊహలో మనం లేము, అంతే. ఇంటి గుమ్మం ఎవరి ఎత్తుకు కట్టారో వాళ్ళకే సరిపోతుంది. మిగిలినవాళ్ళు తల వంచుకుని రావాలి.

నాలుగోదే అన్నిటికన్నా ముఖ్యమైనది: వరస. పాత వేదికలో ఏ జవాబు ఏ మాటకు చెప్పిందో ఆ మాట కిందనే వేలాడుతూ ఉండేది. కొత్త సాఫ్ట్‌వేర్ దానికదే అన్నిటినీ ఒకే బారుగా పేరుస్తుంది. ఇంకా దారుణం, ‘ఎక్కువ లైకులు వచ్చినవి పైన’ అనే ఏర్పాటు దానిలో ముందే సిద్ధంగా ఉంది. మొదట మాట్లాడినవాడు మొదట వినిపించడం సభా పద్ధతి. ఎక్కువమంది మెచ్చినవాడు మొదట వినిపించడం సంత పద్ధతి. ఒక మీట నొక్కితే మా సభ సంత అవుతుంది. మా రాతల్లో ఒక్క అక్షరం కూడా మారనవసరం లేదు.

3

అభ్యుదయ విమర్శలో వస్తువు, రూపం అన్న చర్చ పాతదే. వస్తువే ప్రధానమనీ, వస్తువును బట్టే రూపం ఏర్పడుతుందనీ మనం చెబుతూ వచ్చాం. అందులో మౌలికమైన సత్యం ఉంది. కాని దాన్ని యాంత్రికంగా పట్టుకున్నవాళ్ళం మరొక తప్పు చేశాం. రూపమంటే ఒక పాత్ర అనీ, వస్తువు అందులో పోసిన నీళ్ళనీ, పాత్ర మార్చినా నీళ్ళు అవే ఉంటాయనీ అనుకున్నాం. మా ‘అడ్మిన్’ అనుభవం దీన్ని కాదంటోంది. పేరు, వేళ, వరస, ఎవరు ఎవరికి చెప్పారన్న సంబంధం రాతకు పైన పూసిన రంగులు కావు. చర్చ విషయంలో అవి వస్తువులో భాగాలు. ఎందుకంటే చర్చ అన్నది ఒక రచన కాదు, మనుషుల మధ్య సంబంధం. సంబంధాన్ని వదిలేసి మాటలు మాత్రమే తెస్తే వచ్చేది చర్చ కాదు, మాటల పోగు.

ఇది కంప్యూటర్లతో పుట్టిన సమస్య కాదు. తెలుగు సాహిత్యం ఇంతకు ముందొకసారి ఇంతకన్నా పెద్ద ఇల్లు మారింది, తాళపత్రంలోంచి కాగితంలోకి, కాగితంలోంచి అచ్చులోకి. ఆ మార్పులో సి.పి. బ్రౌన్ చేసిన పని మనందరికీ తెలుసు. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించడం, పండితులను పెట్టి వాటిని పోల్చి చూడడం, పాఠభేదాలను గుర్తించడం, శుద్ధప్రతి రాయించడం ఆయన పద్ధతి. 1829లో వేమన పద్యాలు ఆయన అచ్చువేయించారు. ఆ కృషి లేకపోతే మనకు ఎంత మిగిలేదో చెప్పలేం. ఆ కృతజ్ఞత ఉంచుకునే మరో వైపు కూడా చూడాలి.

ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ చరిత్ర సాహిత్య విద్యార్థులకు పాఠంగా చెప్పవలసినది. ఆమె 18వ శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని ఆస్థానంలోని కవయిత్రి. ఆ కావ్యాన్ని బ్రౌన్ దగ్గర పనిచేసిన పైడిపాటి వెంకటనరసు 1887లో అచ్చువేయించారు. ఆ అచ్చుప్రతిలో కొన్ని పద్యాలు లేవు. అంతకన్నా గమనించవలసింది, కవయిత్రి తన వంశాన్ని గురించీ తన విద్వత్తును గురించీ చెప్పుకున్న పీఠిక లేదు. అంటే గ్రంథం కొత్త ఇంటికి వచ్చింది, రాసిన మనిషి మాత్రం గుమ్మం బయట ఆగిపోయింది. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతిని సంపాదించి, అచ్చుప్రతితో పోల్చి, వదిలేసినవాటిని చేర్చి 1910లో వావిళ్ళవారి ద్వారా ప్రకటించింది. మరుసటి ఏడే ప్రభుత్వం ఆ పుస్తకం మీద చర్య తీసుకుంది. నిషేధం తొలగడానికి 1947 దాకా ఆగవలసి వచ్చింది.

వెంకటనరసుకు ముద్దుపళని మీద పగ ఉందని నేను అనుకోను. ఒక దేవదాసి తన గురించి తాను చెప్పుకున్న మాటలు కావ్యానికి అవసరమని ఆయనకు తోచి ఉండదు. ఆయన కాలపు పెద్దమనిషి ఏది సాహిత్యమనుకున్నాడో అదే మోసుకొచ్చాడు. నాగరత్నమ్మ కూడా దేవదాసీ కుటుంబం నుంచి వచ్చినదే. ఆ పీఠిక విలువ ఆమెకు మొదటి చూపులోనే తెలిసిందంటే ఆశ్చర్యమేముంది? మోసేవాడెవడన్న దాన్ని బట్టి మూటలో ఏం ఉంటుందన్నది తేలుతుంది.

దీనికి మరో కోణం నుంచి కూడా ఉదాహరణ ఉంది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. చలం రాసిన ‘యోగ్యతాపత్రం’ 1940 నాటిది. ఆ గీతాలకు ఒక సమకాలికుడు ఇచ్చిన జవాబు అది. కవిత్వంతోపాటు ఆ జవాబు కూడా ప్రయాణం చేసింది. ఈనాడు మహాప్రస్థానం చదివేవాడు కవితను ఒక్కదాన్నే చదవడు. దాన్ని మొదట విన్నవాడి ఉద్రేకాన్ని కూడా చదువుతాడు. ఆ కాలంలో పత్రికల్లో వచ్చిన మిగతా ప్రతిస్పందనలు, తిట్లు, వెక్కిరింతలు, పాఠకుల ఉత్తరాలు ఎన్ని పుస్తకాల్లోకి ఎక్కాయి? పత్రికనుంచి సంపుటికి ఇల్లు మారేటప్పుడు మనం ఎప్పుడూ రచనను తెచ్చాం, ఉత్తరాల పేజీని వదిలేశాం. ఆ తర్వాత సాహిత్య చరిత్ర రాయడానికి కూర్చుని, పాఠకులు ఏమనుకున్నారో ఆధారాలు లేవని విచారిస్తున్నాం.

4

ఇప్పుడు నా సంగతి.

రెండో విడతలో పేర్లు, వేళలు, వరస సరిచేశారు. అప్పుడు నాకు ఒక పట్టిక ఇచ్చి, అనవసరమైనవాటికి గుర్తు పెట్టమన్నారు. వ్యాపార ప్రకటనలు, రెండుసార్లు పడిన రాతలు, ‘శుభోదయం’ సందేశాలు, వ్యక్తిగత దూషణలు. ఈ నాలుగు రకాలూ వదిలేయాలని సంఘంలో తీర్మానించుకున్నాం. వేసవి సెలవుల్లో రోజుకు నాలుగు గంటలు కూర్చుని నేను గుర్తులు పెట్టాను. మంచి పని చేస్తున్నానన్న తృప్తి కూడా ఉండేది.

పరీక్షకు పెట్టిన సైటును సభ్యులు తలా కొన్ని పేజీలు ప్రూఫు చూసినట్టు చూడాలని పంచుకున్నాం. డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని వాటాకు 2014లో నేను రాసిన వ్యాసం వచ్చింది. ఒక దళిత రచయిత కథ మీద నేను చేసిన విమర్శ అది. ఆమె ఫోన్ చేసి అడిగింది: “సార్, పాత సైట్లో మీ వ్యాసం కింద ఒక పెద్ద జవాబుంది కదా. కొత్తదాంట్లో లేదేంటి సార్? రాలేదా, తీసేశారా?”

రాకపోవడం కాదు. నేనే తీసేశాను. నా వ్యాసంలో ఆ కథ భాషలో సంయమనం లోపించిందని రాశాను. దానికి మా జిల్లాకే చెందిన ఒక యువరచయిత జవాబిచ్చాడు. మా వాడ మాటను తూచే తక్కెడ మీ చేతికి ఎవరిచ్చారని అడిగాడు. నేను ఎన్ని అగ్రవర్ణ రచయితల కోపాన్ని ‘ధర్మాగ్రహం’ అని మెచ్చుకున్నానో నా పాత వ్యాసాల్లోంచే ఏరి చూపించాడు. చివరలో నన్ను ఒక మాట అన్నాడు కూడా. ఆ ఒక్క మాటను పట్టుకుని మొత్తం జవాబు ఎదురుగా ‘వ్యక్తిగత దూషణ’ అని గుర్తు పెట్టాను. నా వ్యాసానికి మాత్రం ‘ముఖ్యమైనది’ అని గుర్తు పెట్టుకున్నాను. ఆ రోజున రెండు గుర్తులూ నిష్పాక్షికంగా పెడుతున్నాననే నా నమ్మకం.

అంతటితో అయిపోలేదు. అతని జవాబు కింద మరో సభ్యురాలు, మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఈ మాట ఎవరో ఒకరు అనవలసిందే అని రాసింది. ఆమె చెప్పింది అతనితో. అతని జవాబు పోయాక ఆమె మాట జరిగి నా వ్యాసం కిందకి వచ్చి చేరింది. నన్ను ఖండించడానికి రాసిన వాక్యం నన్ను పొగుడుతున్నట్టు కూర్చుంది. నేను ఒక అక్షరమైనా దిద్దలేదు. ఆమె చేత ఆమె అనని మాట అనిపించాను. అబద్ధం రాయడానికి కలం అవసరం లేదు, మధ్యలో ఒక మాట తీసేస్తే చాలు.

ఆ ఏడాదే ఇంటికి వచ్చే పిల్లలకు ‘రాధికాసాంత్వనము’ పీఠిక సంగతి చెబుతూ వెంకటనరసును తప్పుపట్టాను. నూట ముప్ఫై ఆరేళ్ళ తర్వాత నేను చేసింది ఏమిటి? ఆయన చేతిలో కత్తెర ఉండి ఉంటుంది, నా చేతిలో పట్టిక ఉంది. ఇద్దరమూ మా కంటికి అనవసరమనిపించినదాన్ని వదిలేశాం. ఆ కన్ను ఎవరిదన్న ప్రశ్న వేసుకోలేదు.

ఆ జవాబును తిరిగి చేర్చాం. ఆ రచయితకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అతను పెద్దగా ఆశ్చర్యపోలేదు. “ఇదేం కొత్త కాదు సార్” అన్నాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన మాట అది.

5

ఇక ఇల్లు ఎవరిదన్న ప్రశ్న. ఇంటిలోపలి అన్యాయం గురించి ఎంత చెప్పుకున్నా, ఇంటి యజమాని ఎవరో చెప్పుకోకపోతే వాదం అసంపూర్ణమే.

మా వేదికకు గడువు చెప్పారు కాబట్టి, ప్రతులు మా చేతిలో ఉన్నాయి కాబట్టి మేం బయటపడ్డాం. అందరికీ ఆ అవకాశం లేదు. జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసింది. ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసింది. యాహూ గ్రూప్స్‌లోని పాత సందేశాలను తొలగిస్తామని 2019లో ప్రకటించారు. 2020 డిసెంబరు 15న ఆ సేవే లేకుండా పోయింది. అమెరికాలోనూ ఇక్కడా ఉన్న తెలుగువారు యూనికోడ్ వాడుకలోకి రాకముందు, రోమన్ అక్షరాల్లో ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగు రాసుకుంటూ ఛందస్సు మీదా కవిత్వం మీదా వాదించుకున్న కాలం ఒకటుంది. అలాంటి చర్చలకు యాహూ గ్రూపులు కూడా ఆశ్రయమిచ్చాయి. వాటిలో ఎవరో ఒకరు శ్రమపడి దాచుకున్నవి మిగిలాయి. ఆ పని చేసే మనిషి లేని గ్రూపులు పోయాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. రాసినవాళ్ళు వేలమంది, జీతం లేకుండా రాశారు. ఆ రాతవల్ల జనం వచ్చారు, జనంవల్ల ప్రకటనలు వచ్చాయి. లాభం ఉన్నంతకాలం ఇల్లు ఉంది. లాభం లేనిరోజున కౌలుదారును పొమ్మన్నట్టు పొమ్మన్నారు. దున్నినవాడికి భూమి మీద హక్కు లేకపోవడం మనకు పరిచితమైన విషయమే.

అయితే ఇల్లు ఖాళీ చేయించడం ఒక్కటే చరిత్ర కాదు. తమంతట తామే మూట కట్టుకుని బయటికి నడిచినవాళ్ళు కూడా ఉన్నారు. వికీట్రావెల్ అనే యాత్రా విజ్ఞాన సైటును 2003లో ప్రారంభించారు. ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద రచయితలు దాన్ని పెంచారు. 2006లో ఇంటర్నెట్ బ్రాండ్స్ అనే అమెరికా కంపెనీ దాన్ని కొన్నది. యాజమాన్యం తీరు నచ్చని జర్మన్, ఇటాలియన్ భాషల రచయితలు ఆ ఏడే విడిపోయి వికీవాయేజ్ అని వేరే ఇల్లు కట్టుకున్నారు. 2012లో ఇంగ్లీషు విభాగంలోని స్వచ్ఛంద రచయితల్లో చాలామంది కూడా చర్చించి, వోటు వేసుకుని, వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ నీడకు వెళ్ళాలని నిర్ణయించుకున్నారు. కంపెనీ ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తల మీద దావా వేసింది. అది తర్వాతి ఏడు రాజీతో ముగిసింది. 2013 జనవరి 15న వికీవాయేజ్ కొత్త నీడలో లాంఛనంగా ప్రారంభమైంది.

వాళ్ళు అలా నడిచిపోగలగడానికి కారణం వీరత్వం ఒక్కటే కాదు. మొదటిరోజునే వాళ్ళు పెట్టుకున్న ఒక షరతు. అక్కడి రాతను ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మరోచోట పెట్టుకోవచ్చు. రాసినవారి పేర్లు చెప్పాలి, కొత్త రాతకు కూడా అదే స్వేచ్ఛ ఇవ్వాలి. క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు సారాంశం ఇది. ఇల్లు కంపెనీది, చిరునామా కంపెనీది, పేరు కంపెనీది. రాత మాత్రం ఎవరూ బంధించలేనిది. కంపెనీ దగ్గర పాత పేరు మిగిలింది. రచయితలతోపాటు రాత వెళ్ళిపోయింది. రాసినవారి పేర్లు చెప్పాలన్న షరతును, ముద్దుపళని పీఠికను పక్కపక్కన పెట్టి చూడమని విద్యార్థులను కోరుతున్నాను.

6

ఇన్ని చెప్పాక రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి.

మొదటిది: ప్రతి మాటనూ మోసుకుపోవడం చాదస్తం కాదా? కాలమే పనికిమాలినదాన్ని రాల్చేస్తుంది కదా? కాలం ఏమీ రాల్చదు. మనుషులు రాలుస్తారు, నేను రాల్చినట్టు. రాల్చిన తర్వాత ఆ నేరం కాలం మీద వేస్తారు. వదిలేయవలసినవి ఉంటాయి, నిజమే. ఏ సూత్రం మీద వదిలేస్తున్నామో రాసిపెట్టాలి, వదిలేసినవాటి జాబితా అందరికీ కనిపించాలి. పాఠభేదాలు అడుగున ఇవ్వని పరిష్కర్తను మనం నమ్ముతామా?

రెండోది ఇంతకన్నా బలమైనది. మా సభ్యురాలొకరు 2011లో, సభ్యులకు మాత్రమే కనిపించే విభాగంలో, మారుపేరుతో తన కాపురం గురించి రాసుకుంది. ఒక కథ మీద చర్చలో అది మాకు ఎంతో నేర్పింది. కొత్త సైట్లో ఆ విభాగం అందరికీ తెరుచుకునే ఏర్పాటు ఉంది. ఇంట్లో చెప్పుకున్న మాటను బజారులో చాటింపు వేయడం పరిరక్షణ అవుతుందా? కాదు. ఆమెను అడిగాం. తీసేయమంది. తీసేశాం. ఆ స్థానంలో ‘రచయిత్రి కోరిక మీద తొలగించడమైనది’ అని ఒక వాక్యం ఉంచాం, తర్వాతి జవాబులు ఇంకొకరి మీదికి జరగకుండా. నేను తీసేసిన జవాబుకూ దీనికీ పోలిక లేదు. అక్కడ రాసినవాణ్ణి అడగలేదు, తీసేసినట్టు చెప్పలేదు. తొలగించే హక్కు మొదట రాసినవారిది. మోసేవాడిది ఆ తర్వాతే.

రచయితల సంఘాలకు, పత్రికలకు, సాహిత్య శాఖలకు నా సూచనలు ఇవి. రాతలు ఎక్కడ పెట్టినా పూర్తి ప్రతి ఒకటి మన చేతిలో ఉండాలి, దాన్ని ఏడాదికొకసారి తెరిచి చదివి చూడాలి. ప్రతిని బయటికి తీయనివ్వని ఇంట్లో కాపురం పెట్టకూడదు. మార్పిడి సంఘంలో ఇంజనీరుతోపాటు సాహిత్యం చదివినవారు ఉండాలి. వాళ్ళలో వాడనుంచి వచ్చినవారు, స్త్రీలు, పాఠకులు ఉండాలి. తన వ్యాసం మీద వచ్చిన జవాబు ఉండాలో వద్దో తేల్చే అధికారం వ్యాసకర్తకు ఉండకూడదు. పాత చిరునామా నొక్కినవాణ్ణి కొత్త ఇంటికి పంపే ఏర్పాటు తప్పనిసరి. లేకపోతే ఎన్నో పరిశోధన వ్యాసాల్లోని ఆధారాలు దారితప్పిపోతాయి. పాత ప్రతిని కొత్తది పూర్తిగా సరిచూసిన తర్వాత కూడా చెరపకూడదు. బ్రౌన్ సేకరించిన రాతప్రతులు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టే ఆయన పరిష్కరణల మీద మనం వాదించగలుగుతున్నాం.

మా వేదిక కొత్త చోట 2023 ఆగస్టునుంచి నడుస్తోంది. పాస్‌వర్డులు తరలించడం కుదరలేదు కాబట్టి సభ్యులందరూ కొత్తవి పెట్టుకోవలసి వచ్చింది. కొందరు తిరిగి రాలేదు. సిరిసిల్ల మిత్రుడి ఖాతాను తెరిచేవారు లేరు. ఆయన పేరు, ఆయన రాసిన రాత్రి రెండుగంటలు మాత్రం అలాగే ఉన్నాయి. 2014 నాటి నా వ్యాసం ఉంది. దాని కింద ఆ యువరచయిత జవాబు ఉంది, అతను నన్నన్న మాటతో సహా. తొమ్మిదేళ్ళు దానికి నేను జవాబు రాయలేదు. మొన్న రాయడం మొదలుపెట్టాను. సంయమనం గురించి నేను రాసిన పేరా తప్పని ఒప్పుకోవడంతో అది మొదలవుతుంది.